నీళ్లు కడిగే ఉద్యోగం

"మీ ఆయన కువైట్‌లో ఏం చేస్తారండీ?" అని ఎవరడిగినా "నీళ్లు కడుగుతారండీ" అని చెప్పేదాన్ని. అడిగినవాళ్లు నేను వేళాకోళమాడుతున్నానేమో అనుకుని, నవ్వాలో వద్దో తెలీక తల ఊపేవారు. ఆ రోజుల్లో మా రాజోలు వైపు ఏ వీధిలో చూసినా ఒక కువైట్ ఇల్లు ఉండేది. ఒకాయన అక్కడ డ్రైవరు, ఒకాయన వంటమనిషి, ఇంకొకాయన మేస్త్రీ. వాళ్ల భార్యలు నిక్షేపంగా గొప్పలు చెప్పుకునేవారు. నాకూ చెప్పుకోవాలనే ఉండేది గానీ, నీళ్లు కడగడాన్ని గొప్పగా ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

ఆ పనేమిటో ఆయన ఒక కేసెట్టులో వివరంగా చెప్పారు. అప్పట్లో కువైట్ నుంచి ఉత్తరాల కంటే కేసెట్లే ఎక్కువ వచ్చేవి. అక్కడ టేపులో మాట్లాడి, సెలవుకి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇక్కడ ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని వినేవాళ్లం. మా ఇంట్లో ఇంటిల్లిపాది అంటే నేను, మా అత్తగారు, మా పాప. అంతే.

ఆయన పనిచేసే ఇంట్లో ఈతకొలను ఉందట. దాని పక్క గదిలో నడుమెత్తు పీపా, దాని నిండా ఇసక. అదే ఫిల్టరు. కొలనులో నీళ్లని మోటారు లాగి ఆ పీపాలోకి తోస్తుంది, నీళ్లు తమ మురికిని ఇసకలో వదిలేసి మళ్లీ కొలనులోకి వెళ్లిపోతాయి. కొన్నాళ్లకి ఇసక మురికి పట్టి బిగుసుకుపోతుంది. అప్పుడు మా ఆయన మోటారు ఆపి, మూత మరలు విప్పి, ఇసకంతా మగ్గుతో తోడి, కడిగి, అడుగున వేళ్లలా పరుచుకున్న సన్నచీలికల గొట్టాలు ఊడదీసి తోమి, మళ్లీ అన్నీ ఎక్కడివక్కడ బిగించాలి.

"ఇసక పోసే ముందు సగందాకా నీళ్లు పొయ్యాలమ్మా, లేపోతే ఇసక బరువుకి గొట్టాలు విరిగిపోతాయి. వింటన్నావా బంగారూ?" అని కేసెట్టులో మా పాపని అడిగారు.

"వింటన్నా నాన్నా!" అని అది టేప్‌రికార్డరుకి జవాబు చెప్పింది. దానికి అప్పుడు ఐదో ఏడు.

మా అత్తగారు మాత్రం బుగ్గలు నొక్కుకున్నారు. "ఈదులాడడానికి నీళ్లు కడుక్కుంటారా! చోద్యం కాపోతే! మనకి తాగడానికే కాలవ నీళ్లాయె!" అన్నారు.

ఆవిడన్నది నిజమే. మా ఊళ్లో నూతినీళ్లు ఉప్పన. తాగడానికి కాలవ నీళ్లే గతి. ఎండాకాలంలో కాలవలు కట్టేసినప్పుడు మంచినీళ్ల చెరువులో నిలవ నీళ్లు తాగేవాళ్లం. మళ్లీ కాలవ వదిలినప్పుడు కొత్తనీరు వచ్చేది. ఎర్రగా, నురగలు కక్కుకుంటూ, దారిలో ఉన్న చెత్తంతా నెత్తిన పెట్టుకుని వచ్చేది. అది బిందెలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపితే గంటలో మట్టి అడుక్కి దిగేది. పైన తేరిన నీళ్లు చూసి "కొబ్బరినీళ్లలా ఉన్నాయి" అని మురిసిపోయేవాళ్లం. తేరిన నీళ్లంటే మంచినీళ్లేనని మా అందరి నమ్మకం. నీళ్లు కాచుకునేవాళ్లని చూస్తే మాకు నవ్వు. బాలింతరాలా, జ్వరమా అని అడిగేవాళ్లం.

ఆ ఏడు కొత్తనీరు వచ్చిన వారంలో మా పాపకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున్న మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి.

అది మందు అడగలేదు, నాన్నని అడగలేదు. నీళ్లు అడిగింది. "అమ్మా, నీళ్లు." ఒకటే మాట. నేను గ్లాసు నోటిదాకా తీసుకెళ్తే మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని లాగేశారు. "నీకేవన్నా మతిపోయిందా? పట్టిన నీళ్లు పట్టినట్టే కక్కేత్తంది, కనపట్టంలేదా? పొట్ట ఎండబెడితే విరేచనాలు అవే కట్టేత్తాయి. లంఖణం పరమౌషధం!" అన్నారు. పక్కింటివాళ్లూ అదే అన్నారు. ఎదురింటివాళ్లూ అదే అన్నారు. ఆవిడ ఏడుగుర్ని కని నలుగుర్ని పెంచిన మనిషి. నేను ఒక్కదాన్ని కన్నదాన్ని. నా మాట ఎవరు వింటారు? నీళ్ల బిందె దగ్గర మా అత్తగారు కాళ్లు బారజాపుకుని కాపలా కూర్చున్నారు. కూర్చుని ఏడుస్తూనే ఉన్నారు, అదీ చెప్పాలి. నేను తడిగుడ్డ పెట్టి దాని పెదవులు తుడిచాను. అది ఆ గుడ్డని చప్పరించింది.

సాయంత్రం రిక్షాలో రాజోలు తీసుకెళ్లేసరికి డాక్టరుగారు నాడి చూసి, పాప మొహం మీద గుడ్డ కప్పమన్నారు.

మా ఆయనకి టెలిగ్రాం ఇచ్చాం. ఆయన రాలేదు. రానివ్వలేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది. అది ఎండాకాలం, వాళ్ల పిల్లలు పొద్దస్తమానం కొలనులో దిగే రోజులు, ఇప్పుడెలా వదులుతామన్నారట. వాళ్ల పిల్లలు ఈదడానికి మా ఆయన నీళ్లు కడుగుతుంటే, ఆయన పిల్ల గుక్కెడు నీళ్లు లేక పోయింది. ఈ మాట నేను పైకి అన్నప్పుడు మా పాస్టరుగారు "అలా అనకమ్మా, ప్రభువు చిత్తం" అన్నారు. ప్రభువుకి మా పాప మీదే చిత్తం కలగాలా అని అడిగాను. ఆయన పాపం, ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఆ తరవాత మా అత్తగారికీ నాకూ మాటల్లేవు. ఒక ఇంట్లో ఉండి, ఒక కుండలో వండుకుని, మాటల్లేవు. "అన్నం వండడం అయ్యింది, తినేవాళ్లు తినొచ్చు" అని నేను కోళ్లతో చెప్పేదాన్ని. "ఆకలి లేనివాళ్లకి పెట్టక్కర్లేదు" అని ఆవిడ గోడతో చెప్పేవారు. కొబ్బరాకులు ముందేసుకుని ఈనెలు చీరుతూ పొద్దంతా అరుగు మీద కూర్చునేవారు. ఊరందరికీ సరిపడా చీపుళ్లు కట్టి ఉంటారు ఆ ఏడాదిలో.

మరుసటి ఎండాకాలంలో ఆయన సెలవుకి వస్తున్నారని కబురు తెలిసిన రోజున ఆవిడ మొదటిసారి నావైపు తిరిగి మాట్లాడారు. పొయ్యి దగ్గరికొచ్చి నిలబడి, "వాడికి చెప్పకే" అన్నారు. "నీళ్లు పట్టనివ్వలేదని చెప్పకే. వాడు నా మొహం చూడడే ఇంక." నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను. నిజం చెప్పాలంటే, చెప్పాలనే ఉంది నాకు. చెప్పి, ఆయన ఆవిడ మొహం చూడకుండా ఉంటే చూడాలని ఉంది. ఆ కసితోనే ఏడాది గడిపాను.

ఆయన వచ్చారు. అందరూ పెట్టెలో సెంట్లు, దుప్పట్లు తెస్తే ఈయన గొట్టాలు తెచ్చారు. అక్కడ యజమాని కొత్త ఫిల్టరు పెట్టించుకుని ఈసారి ఎండాకాలంలోనే సెలవిస్తే, పాతదాని కడుపులో సామానంతా విప్పి, పంచెల్లో చుట్టి తెచ్చుకున్నారు. సన్నచీలికల గొట్టాలు, నిలువు గొట్టం, మూతకి వేసే నల్ల రబ్బరు రింగు. బొంబాయిలో కస్టమ్స్ వాళ్లు ఇవేంటని అడిగితే "మా ఊరికి మంచినీళ్లండి" అన్నారట. వాళ్లు పిచ్చివాడనుకుని వదిలేశారట.

ఆయన పాప గురించి ఒక్క మాట అడగలేదు. సమాధుల దొడ్డికి వెళ్దామంటే "రేపెల్దాం" అన్నారు. ఆ రేపు రాలేదు. రాజోల్లో ఇనప పీపా కొని, అడుగున కుళాయి పెట్టించి, పెరట్లో ఇటకల దిమ్మ కట్టి దాని మీద నిలబెట్టారు. ఇసక తెమ్మంటే బండివాడు అంతర్వేది నుంచి సముద్రపు ఇసక తోలుకొచ్చాడు. ఈయన చిటికెడు నాలిక మీద వేసుకుని, తుపుక్కున ఊసి, బండి తిప్పించేశారు. వశిష్ఠ ఒడ్డునుంచి తెప్పించిన ఇసకని తట్టల్లో వేసి, కడిగిన నీళ్లు కడిగినట్టే తేటగా పోయేదాకా కడిగారు. పైనుంచి బిందెలతో పోసే నీళ్లకి బిగువు మూతెందుకు, రబ్బరు రింగెందుకు? అక్కర్లేదని ఆయనకీ తెలుసు. అయినా రింగుకి కొబ్బరినూనె రాసి, మూత బిగించి, మధ్యలో నీళ్లు పోయడానికి చిల్లు పెట్టారు.

కాలవ వదిలారు. కొత్తనీరు వచ్చింది. ఎర్రనీళ్లు పైన పోస్తే కింద కుళాయిలోంచి గాజులాంటి నీళ్లు వచ్చాయి. ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. "బాబుగారూ, మీరు దేవుడండి, ఆయ్" అని ముసలాళ్లు దండాలు పెట్టారు. ఈయన ప్రతివాళ్లకీ ఒకటే మాట చెప్పేవారు. "ఈ నీళ్లే గనక కిందటేడు ఉండుంటే మా పాప బతికేదండి."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. నీళ్లు మురికివా తేటవా అని కాదయ్యా మహానుభావా, అసలు నీళ్లే లేవు దానికి, అని అరవాలనిపించేది. అరుగు వైపు చూస్తే మా అత్తగారు ఈనెలు చీరడం ఆపి నన్నే చూస్తుండేవారు. నేను నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని.

నీళ్ల ధార సన్నగిల్లగానే ఆయన ఫిల్టరు విప్పేవారు. తాటాకు చాప పరిచి, మూత, మరలు, రింగు, నిలువు గొట్టం, చిన్న గొట్టాలు విప్పిన వరసలోనే పేర్చేవారు. ఆ చాప ఎవరన్నా దాటితే కేకలేసేవారు. ఇసక తోడి కడిగేవారు. గొట్టాల చీలికల్లో ఇరుక్కున్న ఇసకని కొబ్బరీనెతో ఒక్కొక్క చీలికలోంచీ తీసేవారు. బిగించేటప్పుడు నిలువు గొట్టం మూతికి గుడ్డ కట్టి, సగందాకా నీళ్లు పోసి, ఇసకని దోసిళ్లతో మెల్లగా, పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు వదిలేవారు. ఆ పీపాతో పడిన తాపత్రయంలో పదోవంతు నాతో కూర్చుని ఏడిస్తే బాగుండునని నాకుండేది. ఒకసారి అన్నాను కూడా. "పని చేసుకోనీవే" అన్నారు.

అంతలో పక్కింటి పిల్లకి పట్టుకున్నాయి. అవే వాంతులు, అవే విరేచనాలు. ఆ పిల్ల మా ఫిల్టరు నీళ్లే తాగింది. ఆ కబురు విని మా ఆయన మొహం పాలిపోయింది. "నా నీళ్లు తాగిన పిల్లకి ఎలా వచ్చిందే?" అని నన్ను అడిగి, జవాబు కోసం చూడకుండా పెరట్లోకి పరిగెత్తి ఫిల్టరు విప్పడం మొదలెట్టారు. ఏ గొట్టం విరిగిందో, ఎక్కడ ఇసక జారిందో చూద్దామని. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆయన మళ్లీ మళ్లీ చూస్తున్నారు.

ఈసారి ఊళ్లోకి సర్కారు ఆస్పత్రి నర్సమ్మగారు వచ్చి ఉన్నారు. ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని, కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో పట్టించారు. వాళ్ల నాయనమ్మ గోలపెట్టింది. నర్సమ్మగారు వినలేదు. కక్కితే కక్కనివ్వండి, మళ్లీ పట్టిద్దాం అన్నారు. సాయంత్రానికి ఆ పిల్ల లేచి కూర్చుని అటుకులు అడిగింది.

వెళ్లేముందు ఆవిడ ఫిల్టరు చూడ్డానికి మా పెరట్లోకి వచ్చారు. ఆయన చాప ముందు కూర్చుని ఇసకలో చేతులు పెట్టుకుని ఉన్నారు. మా అత్తగారు అరుగు మీద ఉన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను.

"చాలా బాగా చేసేరండి. కానండి, ఇసక మట్టిని ఆపుద్ది గానీ రోగాన్ని ఆపదండి. ఈ నీళ్లు కూడా కాచుకునే తాగాలి" అన్నారు.

"అక్కడ క్లోరిన్ మందేసేవాళ్లమండి కొలన్లో. తాగే నీళ్లలో మందెందుకులే అని వదిలేసేను" అన్నారు ఆయన, తప్పు చేసిన పిల్లాడిలా.

"పోనీలెండి, తెలిసింది గదా. ఒకేళ వచ్చినా భయం లేదు. పిల్ల తాగినన్ని నీళ్లు పడతా ఉండాలండి. ఈ రోగంలో పిల్లలు చచ్చిపోయేది ఒంట్లో నీళ్లు లేక. అంతే."

ఆయన ఇసకలోంచి చేతులు తీయలేదు. తలెత్తలేదు. "మన పాపకి పట్టేరా?" అన్నారు.

ఏడాదిగా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. జవాబు నా నాలిక మీదే ఉంది. మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఒళ్లో ఈనెలు, వంగిపోయిన నడుం. అంత ముసలావిడ ఎప్పుడైపోయారో నేను గమనించనేలేదు. ఆ జవాబు మింగేశాను. జాలి వేసిందో, భయం వేసిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆవిడే చెప్పారు. "అడిగిందిరా. అడుగుతానే ఉంది. నేనే పట్టనివ్వలేదు. ఇది పడతానంటే చెయ్యి లాగేసేను. దీని తప్పేం లేదు."

నర్సమ్మగారు పైట సర్దుకుని, ఏదో గొణిగి, వెళ్లిపోయారు. ఆయన గొట్టాలు ఒక్కొక్కటే తీసుకుని బిగించడం మొదలెట్టారు. తల్లి వైపు చూడలేదు. ఆ పూట తినలేదు.

మర్నాటి నుంచి మా అత్తగారు నీళ్లు ముట్టడం మానేశారు. అన్నం మానితే నేనంతగా పట్టించుకుందును కాను. రోహిణి వెళ్లినా వడగాలి తగ్గలేదు, ఆవిడ గుక్కెడు నీళ్లు ముట్టరు. రెండో రోజుకి పెదవులు బీటలు తీశాయి. ఏడాది తరవాత నేను కోళ్లకి కాకుండా ఆవిడకే చెప్పాను. "తాగండి అత్తయ్యగారూ, కాచిన నీళ్లే" అని గ్లాసు పట్టుకెళ్లాను.

"వాడు తాగమంటే తాగుతానే" అన్నారు.

పెరట్లో ఆయనకి వినపడింది. వినపడిందని నాకు తెలుసు, మర తిప్పుతున్న చెయ్యి ఆగింది. ఆగి, మళ్లీ తిప్పడం మొదలెట్టింది. ఆ ముందురోజు బిగించిందే మళ్లీ విప్పి బిగిస్తున్నారు. అప్పుడు పుట్టింది నాకు కోపం. ఏడాదిగా ఆవిడ మీద దాచుకున్న కోపమంతా ఆయన మీదికి తిరిగింది.

"ఏవండీ! ఈ ఇంట్లో ఒకళ్లు నీళ్లు నీళ్లని పోయేరు, చాలదా మీకు? ఇంకోళ్లని కూడా ఎండబెట్టి చంపుతారా? ఊరందరికీ నీళ్లు పోత్తన్నారే, కన్నతల్లికి తాగవే అని ఒక్క మాట చెప్పలేరా?" అని అరిచాను. వీధిలో పోతున్నవాళ్లు ఆగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆయన మర కింద పడేశారు. ఇసక చేతులతోనే వచ్చి నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. తల్లి ముందు కింద కూర్చుని గ్లాసు ఆవిడ నోటికి పట్టారు. ఆవిడ కళ్లు మూసుకుని తాగారు. సగం నీళ్లు గడ్డం మీంచి రవికె మీదికి కారిపోయాయి. ఆయన మొహమంతా తడిసిపోయింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఏడవగా అదే చూడడం.

గ్లాసు ఖాళీ అయ్యాక ఆవిడ మొహంలోకి చూసి, "ఇంకా కావాలా అమ్మా?" అని అడిగారు.

ఆ ఒక్క మాట మా పాపని అడిగినవాళ్లు లేరు. అది తట్టేసరికి నేను గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను. దాన్ని మట్టిచేసిన రోజున కూడా నేను అంత ఏడుపు ఏడవలేదు.